ఉత్తుత్తి బీరు కలిపే పెద్దాయన

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటుంటే ఫోను వచ్చింది. జూబ్లీ హిల్స్‌లో సొంతంగా బీరు కాచి అమ్మే స్నేహితుడు ఒకడున్నాడు నాకు. అతను ఫోను చేశాడంటే కొత్త బ్యాచ్ దిగిందని, వచ్చి రుచి చూడమని. ఆ రోజు గొంతు వేరేగా ఉంది.

"సార్, మన పెద్దాయన పోయిండట. నాలుగు దినాలైందట. పేపర్ల గిట్ల ఏం రాలే."

పేపర్లో ఎందుకొస్తుంది? నలభై ఏళ్లు సినిమాల్లో పనిచేస్తే తెర మీద ఆయన పేరు పడింది రెండుసార్లో మూడుసార్లో. అందులోనూ ఒకసారి తప్పు పడిందని ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఆయన నాకు చుట్టం కాదు. శ్రీనగర్ కాలనీలో ఆయన అద్దెకున్న గదికి నేను ఒక్కసారీ వెళ్లలేదు. మా పరిచయమల్లా రెండు నెలల శనివారాలు, ఒక మంగళవారం పొద్దున. అయినా ఆ పూట తినకుండానే లేచాను.

అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక కంపెనీలో టెస్టర్ని. ఇంకొకడు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా ఉద్యోగం. మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులు, నెలకో కొత్త అద్దాల మేడ లేస్తున్న రోజులు. అప్పటిదాకా సీసా మూత తీసి తాగడమే తెలిసిన మాకు, అక్కడికక్కడ కాచి కుళాయి తిప్పి పోసే బీరు కొత్తగా వచ్చింది. ఇక చూడండి మా వేషాలు. శనివారం సాయంత్రం నాలుగయ్యేసరికి నేనూ ఆఫీసు మిత్రులిద్దరూ ఈ బీరు స్నేహితుడి హాలుకి వెళ్లి కూర్చునేవాళ్లం. చెక్కపలక మీద ఆరు బుల్లి గ్లాసులు తెచ్చిపెట్టేవాళ్లు, గోధుమ బీరు దగ్గర్నుంచి నల్లటి స్టౌట్ దాకా. ఒక్కొక్కటీ చప్పరించి ఫోన్లో ఐదుకి ఇన్ని అని మార్కులు వేయడం, కింద రెండు వాక్యాలు రాయడం. 'ముందు నిమ్మ తగులుతుంది, చివర్లో పూల గుబాళింపు' అని నేను రాసేవాణ్ణి. ఏ పువ్వని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

అలాంటి ఒక శనివారం మూల బల్ల దగ్గర ఆయన కనిపించాడు. అరవై ఐదు దాటిన మనిషి. పొట్టి చేతుల తెల్లచొక్కా, నుదుట విభూతి, ఒళ్లో గుడ్డసంచి. ముందు మాలాగే ఆరు గ్లాసుల పలక. ఒక గ్లాసు ఎత్తి వెలుతురుకేసి పట్టుకుని చూశాడు, వాసన చూశాడు, ఒక్క గుక్క నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నాడు. తర్వాత సంచిలోంచి ఇంటి చెంబు తీసి అందులో ఉమ్మేశాడు. గుప్పెడు మరమరాలు నమిలి, నోట్సు పుస్తకంలో ఏదో రాసుకుని, రెండో గ్లాసు ఎత్తాడు.

బీరు కాచే స్నేహితుడు మా దగ్గరికొచ్చి గింజుకున్నాడు. "ఏంది సార్ గిది? పానం పెట్టి చేస్తే చెంబుల ఉమ్ముతుండు. చూసేటోళ్లు ఏమనుకుంటరు? నా ఇజ్జత్ పోతున్నది. జర మీరైనా అడుగున్రి."

నాకూ లోపల కోపంగానే ఉంది. మార్కులు వేసేది మేము, ఈయనెవరు? లేచి వెళ్లాను. "ఏమనుకోకున్రి, తాగకుండ ఉమ్ముతున్రెందుకు కాకా?" అన్నాను.

ఆయన తలెత్తి చూసి నవ్వాడు. "మా వైపు కాకా పట్టారంటే ఏదో పని కావాలని బాబూ. కూర్చోండి. నేను తాగడానికి రాలేదండీ, చదువుకోడానికొచ్చాను."

ఏం చేసేవారని అడిగితే, "ఉత్తుత్తి మందు కలిపేవాణ్ణండీ, సినిమాల్లో" అన్నాడు, ఫలానా ఊళ్లో పోస్టుమాస్టర్ని అన్నంత మామూలుగా. సెట్లో కుర్చీ, గడియారం, లాంతరు లాంటి వస్తువులు అందించే మనిషట. అన్నింట్లోకీ మందు కలపడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. మన తెర మీద ప్రేమ బెడిసికొట్టి ఏడుస్తూ తాగిన నాయకులు ఎంతమందో ఆయన చేతి టీ డికాషనే తాగారు. అది విస్కీ. బ్రాందీ అయితే ఇంకాస్త చిక్కగా. బీరుకి యాపిల్ జ్యూసు, సోడా, చిటికెడు ఉప్పు. పైన నురగ నిలవాలంటే గుడ్డు తెల్లసొన గిలక్కొట్టి వేయాలి. గుడ్డు ముట్టని నటులుంటారు కదా, వాళ్లకి శనగలు ఉడికించిన నీళ్లు గిలక్కొట్టేవాడట. గ్లాసు ఊరికే పట్టుకుని తిరిగే వాళ్లకైతే కుంకుడుకాయ నురగే.

"ఒకాయన మర్చిపోయి కుంకుడు నురగ తాగేశాడండీ. ఆ రోజంతా ఆయన డైలాగులు బుడగలతో వచ్చాయి" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

అన్నేళ్లు మందు కలిపిన మనిషి పుట్టి బుద్ధెరిగి ఒక్క చుక్క మింగలేదు. ఇప్పుడు అసలు బీరుకీ తన బీరుకీ తేడా నాలుక మీద తెలియాలట. అదీ చదువు. నాకు సరదా వేసింది. తేడా పట్టుకోవడమే నా ఉద్యోగం కదా, పరీక్ష నేను పెడతానన్నాను. మరుసటి శనివారం ఆయన ఇంట్లో కలిపిన సరుకు ఫ్లాస్కులో తెచ్చాడు. ఆయన అటు తిరిగి కూర్చుంటే నేను ఆరు గ్లాసుల్లో రెండింటిలో అది, మిగతా వాటిలో గోధుమ బీరు పోశాను. ఆయన ఆరూ చప్పరించాడు. తన రెండింటినీ అసలు బీరన్నాడు. గోధుమ బీరు రెండు గ్లాసులు తను కలిపినవేనన్నాడు.

మేం ముగ్గురం పగలబడి నవ్వాం. ఆయన నవ్వలేదు. పుస్తకంలో ఆ రోజు పేజీని అడ్డంగా కొట్టేశాడు. మొహంలో రక్తం లేదు. నా మిత్రులిద్దరూ వెళ్లిపోయాక ఆయన పక్కన కూర్చుని, "ఏమైంది కాకా? ఆటకే గదా" అన్నాను.

"ఆట కాదు బాబూ" అని చెప్పడం మొదలుపెట్టాడు.

పదిహేనేళ్ల కిందటి మాట. ఫిల్మ్ నగర్ దగ్గర ఒక సెట్లో షూటింగు. అందులో పేరున్న ఒక నటుడు, తండ్రి వేషాలు, మామ వేషాలు వేసే మనిషి. తాగుడు పట్టి పాడై, ఎలాగో మానేసి అప్పటికి రెండేళ్లు.

"నేను ఖాళీ బీరు సీసాలు తెప్పించి, కడిగి, నా సరుకు పోసి, మూత మళ్లీ బిగించేవాణ్ణి. మూత బిగించే మర ఒకటి ఉండేది నా దగ్గర. ఏది అసలో ఏది నాదో కంపెనీ వాడు కూడా చెప్పలేడు. అదే నా గొప్పనుకునేవాణ్ణి బాబూ. ఆ రోజు ఎవరో అతిథులొస్తారని ప్రొడక్షన్ వాళ్లు అసలు బీరు తెప్పించి నా ఐసుపెట్టెలోనే పెట్టారు. అవే సీసాలు, అవే మూతలు. నేనొకటి తీసి పోశాను. నురగ బ్రహ్మాండంగా వచ్చింది. ఇవాళ కలపడం భలే కుదిరిందనుకున్నాను. సీన్లో ఆయన గటగటా తాగాలి, తాగారు. డైరెక్టరు గారు ఓకే అన్నారు. ఆయన గ్లాసు కింద పెట్టి, 'ఇంకో టేక్ చేద్దామండీ' అన్నారు."

పెద్దాయన ముందున్న గ్లాసు పక్కకి జరిపాడు. "షాట్ బాగానే వచ్చింది బాబూ. ఆయనే ఇంకోటి అడిగారు. పని మీద ఎంత శ్రద్ధో ఈయనకి అని నేను మురిసిపోయి, అదే సీసాలోంచి ఇంకో గ్లాసు నింపిచ్చాను. సాయంత్రం అతిథుల సీసాల్లో ఒకటి తక్కువైతేగానీ నేను పోసింది అసలు బీరని తెలియలేదు."

ఆ నటుడు మళ్లీ మొదలుపెట్టాడు. షూటింగులు ఎగ్గొట్టాడు, వేషాలు పోయాయి, ఇంట్లో మనుషులు దూరమయ్యారు. మళ్లీ మానడానికి ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు మానేసి తొమ్మిదేళ్లు. పెద్దాయన ఆ సినిమాతోనే మందు కలపడం మానుకుని, కుర్చీలూ గడియారాలూ అందిస్తూ రోజులు వెళ్లదీశాడు. ఇన్నాళ్లకి కొత్త దర్శకుడెవరో ఆ నటుడికి మంచి వేషం రాశాడు. అందులో బీరు చోట కూర్చుని కొడుకుతో మూడు పేజీలు మాట్లాడే సీను ఉంది. తీసేది ఇక్కడే, మేం కూర్చున్న ఈ హాల్లోనే, రెండు నెలల తర్వాత.

"ఆయనే స్వయంగా ఫోను చేశారు. కాళ్ల మీద పడాల్సినవాణ్ణి, ఫోన్లో ఏం పడతాను? 'నువ్వే కలపాలయ్యా' అన్నారు. 'నేనా సార్?' అన్నాను. 'నీకంటే భయపడే మనిషి నాకెక్కడ దొరుకుతాడు' అన్నారు." కుళాయిల వైపు చూపించాడు. "ఇక్కడ గోడ నిండా అసలు బీరే. ఎవరైనా తెలియక ఒక గ్లాసు నా పళ్లెంలో పెట్టారనుకోండి, నాకు తెలియాలా వద్దా? ఈసారి కూడా తెలియకపోతే నేనెందుకండీ?"

నాకు నవ్వినందుకు సిగ్గేసింది. ఆ నటుడి సంగతి మాత్రం ఎవరికీ చెప్పొద్దన్నాడు పెద్దాయన. మానేసిన మనిషిని అందరూ అదోలా చూస్తారట. సరేనని మాటిచ్చాను.

అప్పట్నుంచి మా శనివారాలు మారిపోయాయి. మిత్రులిద్దరికీ విసుగొచ్చి ఇంకో చోటు చూసుకున్నారు. నేనూ పెద్దాయనా మిగిలాం. చల్లగా ఉంటే రెండూ ఒక్కలాగే ఉన్నాయని ఆయనే కనిపెట్టాడు. నోట్లో పోసుకుని వెచ్చబడేదాకా ఆగాలి, తర్వాత నోరు తెరవకుండా ముక్కుతో ఊపిరి వదలాలి. ఆయన సరుకైతే తీపి మిగులుతుంది. అసలుదైతే నాలుక మొదట్లో సన్నటి చేదు, వెనకే వెచ్చదనం. ఆయన పుస్తకంలో రాసుకున్న మాటలు ఒకరోజు చదివి వినిపించాడు. గోధుమ బీరు: 'రాత్రి మిగిలిన ఇడ్లీ పిండి, లవంగం.' నల్లది: 'మాడిన పెసరపప్పు.' ఇంకోటి: 'కరివేపాకు కాడ నమిలినట్టు.' మార్కులు వేయలేదేమని అడిగాను. "మార్కులు మీరేసుకోండి బాబూ. నాకు తేడా తెలిస్తే చాలు" అన్నాడు.

ఒకసారి నన్ను అటు తిరగమని ఆయనే నాకు పరీక్ష పెట్టాడు. నేను ఫోను తీసి, గ్లాసు చప్పరించి, ఐదుకి మూడున్నర వేశాను. యాపిల్ పరిమళం ఆహ్లాదంగా ఉందని కూడా రాశాను. అది ఆయన సరుకే. రెండేళ్లుగా వేసిన మార్కులన్నీ ఆ పూట నా కళ్లముందు తిరిగాయి. ఆయన ఎగతాళి చేయలేదు. "మూడున్నరా! మా సినిమా వాళ్లెవరూ నాకు అంత ఇవ్వలేదు" అని మాత్రం అన్నాడు.

ఇంటి దగ్గర ఆయన అవస్థ వేరు. ఈ వయసులో తాగుడు నేర్చుకుంటున్నాడని భార్య అనుమానం. ఉమ్మేస్తున్నానంటే నమ్మదు. "ఉప్పునీళ్లతో పుక్కిలిస్తేగానీ గడప దాటనివ్వడం లేదు. తులసి కుండీ దగ్గరకైతే అసలే రానివ్వదు" అనేవాడు. అసలు సంగతి ఆమెకు కూడా చెప్పలేదు. ఆరో వారానికి తప్పులు తగ్గాయి. ఎనిమిదో వారం నేను ఎన్ని రకాలుగా తికమక పెట్టినా ఒక్కటీ తప్పలేదు. ఆ సాయంత్రం చెంబు కడిగి సంచిలో పెట్టుకుంటూ, "ఇక మంగళవారమే బాబూ. మీరూ వస్తారా?" అని అడిగాడు. చిన్నపిల్లాడు బడికి తోడు రమ్మన్నట్టు అడిగాడు. నేను సోమవారం ఆఫీసుకు ఫోను చేసి జ్వరమన్నాను.

మంగళవారం పొద్దున ఏడింటికి హాలంతా దీపాలు, కేబుళ్లు, మనుషులు. నా స్నేహితుడు కొత్త చొక్కా వేసుకుని గాల్లో తేలుతున్నాడు. అతని బోర్డు ఫ్రేములో పడుతోంది. పెద్దాయన ఒక మూల బల్ల మీద తన సామాను సర్దుకున్నాడు. జ్యూసు, సోడా, ఉప్పు, శనగనీళ్ల గిన్నె, ఒక స్టీలు చెంచా. గ్లాసు వెళ్లే ముందు ఒక చెంచాడు తీసి నోట్లో పోసుకుని, ఆగి, ఊపిరి వదిలి, అప్పుడే పంపుతున్నాడు. తనే కలిపిన గ్లాసుకి కూడా అంతే. కుర్రకారు నవ్వుకుంటున్నారు. ఆ నటుడు మాత్రం కుర్చీలోంచి ఆయన్ని చూస్తూ నిశ్చింతగా కూర్చున్నాడు. మనిషి నేననుకున్నదానికన్నా చిన్నగా, పల్చగా ఉన్నాడు.

నాలుగో టేక్‌కి దీపాల వేడికి నురగ పడిపోసాగింది. దర్శకుడు విసుక్కుంటున్నాడు. పెద్దాయన వంగి శనగనీళ్లు గిలక్కొడుతున్నాడు. అప్పుడు జరిగింది నేను చూడలేదు. నా స్నేహితుడు తర్వాత చెప్పాడు. తన బోర్డు కింద, తన గ్లాసులో యాపిల్ జ్యూసు చూపిస్తుంటే అతని ప్రాణం ఒప్పుకోలేదు. ఒక్క షాట్‌లోనైనా తన బీరు పడాలని గోధుమ బీరు కుళాయి తిప్పి, నింపి, పళ్లెంలో పెట్టేశాడు. పెద్ద నటుడు తాగి మెచ్చుకుంటాడని కూడా ఆశపడ్డాడు. ఆ నటుడి గతం అతనికి తెలియదు. తెలిసిన నేను మాటిచ్చి నోరు మూసుకుని ఉన్నాను.

పెద్దాయన తలెత్తేసరికి పళ్లెంలో నిండు గ్లాసు, చక్కటి నురగ. అసిస్టెంట్ ఎవరో తను కలిపిన సరుకే పోసి పెట్టాడనుకున్నాడేమో. చెంచా ముంచి నోట్లో పోసుకున్నాడు. "రెడీ అండీ" అని దర్శకుడు అరిచాడు. నటుడు మూడు పేజీల మాటలు మొహంలో నింపుకుని, చెయ్యి బల్ల మీద చాపి, గ్లాసు కోసం ఎదురుచూస్తున్నాడు. పెద్దాయన ఆగాడు. ముక్కుతో ఊపిరి వదిలాడు. నాకు అర్థమైపోయింది. 

ఇది అసలు బీరు అని ఒక్క మాటంటే హాలంతా తెలుస్తుంది. ఆ గ్లాసు తనకి ఎంత దగ్గరిదాకా వచ్చిందో ఆ నటుడికీ తెలుస్తుంది, ఇక సీను మీద ధ్యాస నిలవదు. పారబోయడానికి దగ్గర్లో చోటు లేదు. పక్కన పెడితే ఎవరైనా తీసి అందిస్తారు. ఇదంతా నేను తర్వాత ఆలోచించుకున్నది. ఆయన ఆలోచించినట్టు నాకు కనిపించలేదు. గ్లాసు ఎత్తి, ఎక్కడా ఆపకుండా, అడుగుదాకా తాగేశాడు.

"ఏంటండీ, మీరు తాగేశారు?" అన్నాడు దర్శకుడు. యూనిట్ అంతా గొల్లున నవ్వింది.

"ఉప్పు ఎక్కువైంది సార్. రెండు నిమిషాలు, ఇంకోటి కలిపేస్తాను" అన్నాడు పెద్దాయన, పెదవి మీద నురగ తుడుచుకుంటూ.

నటుడూ అందరితోపాటు నవ్వాడు. అతని నవ్వు అందరికంటే ముందే ఆగింది. పెద్దాయన కొత్త గ్లాసు కలిపి, చెంచాడు రుచి చూసి, ఈసారి తనే తీసుకెళ్లి అతని చేతికందించాడు. ఆ టేక్ ఓకే అయింది.

నేను బయటికొచ్చేసరికి పెద్దాయన వెనక మెట్ల దగ్గర బోర్లించిన క్రేటు మీద కూర్చుని ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నా స్నేహితుడు నా వెనకే పరిగెత్తుకొచ్చాడు. నేను అప్పటికే మాట తప్పి ఆ నటుడి గతమంతా అతనికి చెప్పేశాను. "నేనే పోసిన పెద్దాయనా. నాకు తెల్వదు. దేవుని తోడు, తెల్వదు" అని ఆయన మోకాళ్ల దగ్గర కూలబడ్డాడు. పెద్దాయన అతని భుజం తట్టాడు. "తెలియకుండా పోసేవాళ్ల సంగతి నాకు తెలుసు నాయనా. లే" అన్నాడు.

"ఎట్లున్నది కాకా? తల గిట్ల తిరుగుతున్నదా?" అని అడిగాను. ఏదో ఒకటి అడగాలని అడిగాను.

ఆయన నావైపు తిరిగాడు. కళ్లలో నీళ్లు నిండాయి.

"ఇన్నాళ్లూ ఆయనకి చేదేదో పోసి చెడగొట్టాననుకున్నాను బాబూ. ఉమ్మేసినన్నాళ్లూ అలాగే అనిపించింది. ఇవాళ మింగాను కదా." చేత్తో గుండె మీద రాసుకున్నాడు. "హాయిగా ఉంది బాబూ. భయం పోయింది. ఇంకో గ్లాసు ఎవరైనా ఇస్తే బాగుండునని కూడా ఉంది. ఇంత బాగున్నదాన్నా, ఆయన తొమ్మిదేళ్లుగా రోజూ వద్దంటున్నది?"